చిత్రకారిణి లీ క్రాస్నర్

రంగులను చెవులకు వినిపించుట సాధ్యము కాదు. అయినను ఒక చిత్రకారిణి ఏ పరిస్థితులలో, ఎట్లు పనిచేసెనో మాటలలో చెప్పవచ్చును. అమెరికా చిత్రకారిణి లీ క్రాస్నర్ అనగానే సుప్రసిద్ధుడైన జాక్సన్ పొలాక్ భార్య యని పలువురు చెప్పుదురు. ఆమె కృషిని గూర్చి ముందుగా చెప్పుట మా ఉద్దేశము.

ఆమె 1908 అక్టోబరు 27వ తేదీన న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో జన్మించెను. తలిదండ్రులు రష్యా సామ్రాజ్యమునుండి వలస వచ్చిన యూదులు. కూపర్ యూనియన్‌లోను, తరువాత నేషనల్ అకాడమీ ఆఫ్ డిజైన్‌లోను ఆమె చిత్రలేఖనము నేర్చెను. ఆర్థికమాంద్యపు దినములలో కళాకారులకు పని కల్పించిన ప్రభుత్వ పథకమునందు జీతమునకు కుదిరెను. 1937లో హాన్స్ హాఫ్‌మన్ పాఠశాలలో చేరెను. ఆమె చిత్రము నొకదానిని చూచి ఆ గురువు, ఇది స్త్రీ వేసినదని ఎవరును అనుకొనరని మెచ్చుకొనెనట. ఆ మెచ్చుకోలులోనే ముల్లున్నది! నాటి కళాలోకము స్త్రీలను ఏ దృష్టితో చూచినదో ఆ ఒక్క మాటవలన తెలియును.

1942లో న్యూయార్కున జరిగిన ఒక ప్రదర్శనమునకు ఎన్నికైనవారిలో పొలాక్ పేరు ఆమెకు క్రొత్తగా కనబడెను. తానే వెదకికొని పోయి ఆయన చిత్రములను చూచెను. 1945లో వారికి వివాహమయ్యెను. లాంగ్ ఐలండ్‌లోని స్ప్రింగ్స్ అను పల్లెలో కాపురము పెట్టిరి. ఇంటిదగ్గరి కొట్టము ఆయనకు చిత్రశాల యయ్యెను. ఆమెకు మేడమీది పడకగది మిగిలెను. ఆ కొద్దిపాటి చోటులోనే 1946 మొదలు 1950 వరకు ‘లిటిల్ ఇమేజ్’ చిత్రములు వెలువడెను. చిన్న కాన్వాసులపై రంగు దట్టముగా పేరుకొని యుండును. కొన్నింటిలో అక్షరములవలె తోచు గుర్తులు వరుసలు తీరి యుండును. చదువబోయినచో అర్థము కావు. బాల్యమున నేర్చిన హీబ్రూ లిపి జాడ వానిలో కలదు.

1951లో బెట్టీ పార్సన్స్ గ్యాలరీలో ఆమె చిత్రములను ప్రదర్శించిరి. ఒక్కటియు అమ్ముడుపోలేదు. 1953లో ఒకనాడు గది గోడలనిండ తగిలించియున్న నలుపు తెలుపు రేఖాచిత్రములు ఆమెకు రోత పుట్టించెను. వానిని చించి నేలపై పారవైచి, తలుపు మూసికొని పోయెను. కొన్ని వారములకు తిరిగి వచ్చి చూడగా, ఆ ముక్కలలోనే క్రొత్త పొందిక కానవచ్చెను. వానిని అతికింప నారంభించెను. అమ్ముడుపోని కాన్వాసులే పలుమారు వానికి ఆధారమయ్యెను. పొలాక్ పారవేసిన బొమ్మల ముక్కలును అందు చేరెను. ఇట్టి అతుకు చిత్రములను కొల్లాజులందురు. 1955లో స్టేబుల్ గ్యాలరీలో వానిని ప్రదర్శించెను. తన పనిని తానే నిర్దయగా చూచి, దానినుండియే మరల నిర్మించుకొనుట ఆమె పద్ధతి.

1956 ఆగస్టు 11వ తేదీన పొలాక్ కారు ప్రమాదములో మరణించెను. అప్పుడామె ఐరోపాలో నుండెను. తిరిగి వచ్చి, మరుసటి యేట ఆ కొట్టమునే తన చిత్రశాలగా చేసికొనెను. 1957లో వేసిన ‘ది సీజన్స్’ వెడల్పు సుమారు 17 అడుగులు. దుఃఖములోనున్న మనిషి వేసిన ఆ చిత్రమునిండ పండ్లను, ఆకులను, దేహములను తలపించు నిండైన వంపులు! ఇప్పుడది న్యూయార్కులోని విట్నీ మ్యూజియమునందున్నది. 1959లో తల్లియు మరణించెను. నిద్రపట్టని రాత్రులలో దీపపు వెలుగున చిత్రించుచు, ఆ వెలుగులో రంగులు నమ్మదగినవి కావని, గోధుమ, తెలుపు వన్నెలతోనే పెద్ద చిత్రములు వేసెను.

1965లో లండనులోని వైట్‌చాపెల్ గ్యాలరీ ఆమె చిత్రములను విస్తారముగా ప్రదర్శించెను. న్యూయార్కు మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆమె సమగ్ర ప్రదర్శనము 1984 డిసెంబరులో గాని జరుగలేదు. అదే సంవత్సరము జూన్ 19వ తేదీననే ఆమె కన్నుమూసెను. ఆమె సంకల్పము ననుసరించి 1985లో ఏర్పడిన పొలాక్-క్రాస్నర్ ఫౌండేషన్ చిత్రకారులకు ధనసహాయము చేయుచున్నది.

పడకగదిలో చిన్న చిత్రములు, కొట్టములో 17 అడుగుల చిత్రము వేసినది ఒకే చేయి. ఒకరి శక్తిని కొలువబోవునప్పుడు, వారికి దొరకిన చోటెంతయో ముందుగా విచారించుట న్యాయమని మాకు తోచుచున్నది.