మనీప్లాంట్ ఆకులు పండుతున్నాయా?

కరువు జిల్లాలో కుండీలో మొక్క వాడిపోతే ఎవరికైనా తోచేది ఒకటే, నీళ్లు చాల్లేదని. ఇంకో చెంబెడు పోస్తారు. అనంతపురం ఇళ్లలో మనీప్లాంటు ప్రాణం తీసేది చాలాసార్లు ఆ చెంబెడు నీళ్లే. అయితే నీళ్లు ఎక్కువై ఉంటాయి, లేదంటే ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువై ఉంటుంది.

ఈ తీగ పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో తాహితి పక్కనున్న మోరియా దీవి. అక్కడి తడి అడవుల్లో చెట్ల మానులను పట్టుకుని పైకి పాకుతుంది. శాస్త్రజ్ఞులు 1880లో దీన్ని పోథోస్ జాతిలో చేర్చి పేరు పెట్టారు. ఆ తర్వాత రెండు మూడు జాతుల్లోకి మార్చి, చివరికి 1964లో ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ అని స్థిరపరిచారు. మన చేమదుంపకూ కందకూ ఇది దగ్గరి చుట్టం. అందుకే ఆకు నమిలితే నోరు దురదపెడుతుంది, పసిపిల్లలున్న ఇంట్లో తీగను చేతికందనంత ఎత్తున ఉంచాలి. అలాంటి మొక్క ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే పీఠభూమికి వచ్చింది. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే ఖాళీ అవుతాయి, ఈశాన్యపు వాన చాలావరకు తూర్పు తీరంలోనే కురిసిపోతుంది, మనకు మిగిలేది గాలి. ఆ గాలిలోనూ ఇది బతుకుతోందంటే మొండిదే.

మొక్కకు ఏమైందో తెలుసుకోవాలంటే ముందు ఏ ఆకు పండిందో చూడాలి. తీగ మొదట్లో ముసలి ఆకు ఒకటి ఎప్పుడో పండి రాలితే అది వయసు, దాని జోలికి పోనక్కర్లేదు. మొదట్లో నాలుగైదు ఆకులు ఒకేసారి మెత్తబడి పండిపోయి, మట్టి ముట్టుకుంటే చల్లగా తడిగా ఉంటే మాత్రం వేరు కుళ్లుతోందని అర్థం. కుండీ బోర్లించి చూడండి. మంచి వేరు తెల్లగా, బిర్రుగా ఉంటుంది. కుళ్లిన వేరు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు జారి చేతిలోకి వచ్చేస్తుంది, లోపల దారంలాంటి పోగు ఒక్కటే మిగులుతుంది. వాసన కూడా పట్టిస్తుంది.

ఎండిన ఊళ్లో వేరు కుళ్లడమేమిటి అంటే, మే నెల మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటిన వేడిలో పొడిగాలి ఆకులోని తడిని గుంజేస్తుంటే, వేరు పైకి తోడేది దానికి చాలదు. మట్టి తడిగానే ఉన్నా ఆకు వేలాడుతుంది. చూసినవాళ్లకు జాలేస్తుంది, నీళ్లు పోస్తారు. మట్టి రంధ్రాల్లో ఉండాల్సిన గాలి పోయి నీళ్లు నిండుతాయి, ఊపిరాడని వేరు చచ్చిపోతుంది, చచ్చిన వేరు నీళ్లు తోడదు, ఆకు ఇంకా వేలాడుతుంది. మళ్లీ చెంబు. ఇలా వారం పది రోజులు జరిగితే చాలు. కాబట్టి సాయంత్రం చల్లబడ్డాక ఆకు లేచి నిలబడిందా లేదా చూసి గాని నీళ్ల సంగతి ఆలోచించకూడదు. వేలిని రెండు కణుపుల లోతుకు దించితే మట్టి పొడిగా తగలాలి, కుండీ ఎత్తితే తేలిగ్గా ఉండాలి. అప్పుడే నీళ్లు. ఇంటికి అందం కదా అని అడుగున చిల్లు లేని పింగాణీ కుండీలో నేరుగా నాటినవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే, చిల్లు పెట్టించండి.

మట్టి సంగతీ చూడాలి. చేలోంచి తెచ్చిన ఎర్రమట్టి ఒక్కటే నింపితే రెండు నెలల్లో గట్టిపడుతుంది. ఎండితే కుండీ అంచు వదిలి లోపలికి ముడుచుకుంటుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి పళ్లెంలోకి దిగుతాయి, నడిమి మట్టి మాత్రం ఎండు గడ్డలాగే ఉంటుంది. మన జిల్లాలో దీనికి మందు ఊరూరా దొరుకుతుంది, అదే శనక్కాయ పొట్టు. పచ్చిది వేస్తే కుళ్లేటప్పుడు నత్రజనిని తానే లాక్కుంటుంది కాబట్టి, పేడతో కలిపి కొన్ని నెలలు మాగబెట్టిన పొట్టు వాడాలి. ఎర్రమట్టి, మాగిన పొట్టు, ముతక ఇసుక సమానంగా కలిపితే నీళ్లు నిలవవు, మట్టి బిగుసుకోదు. కుళ్లిన వేళ్లను శుభ్రమైన కత్తెరతో మంచి వేరు కనబడేదాకా కోసి ఈ మట్టిలో నాటాలి. కుండీ చిన్నదైతేనే నయం, పెద్ద కుండీలో తడి ఆరడానికి చాలా రోజులు పడుతుంది.

ఇక ఆకు పండకుండా కొసలు మాత్రమే గోధుమ రంగుకు తిరిగి పెళుసైతే, ముందుగా అనుమానించాల్సింది నీళ్లలోని ఉప్పును. మన బోరు నీళ్లు గట్టివి. బిందె అడుగున గార పట్టినట్టే కుండీ అంచున తెల్లటి పొర పడుతుంది. దీనికి తోడు ఇప్పుడు ఇంకో అలవాటు వచ్చింది, ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లను పారబోయడం పాపమని మొక్కలకు పోస్తున్నారు. పొదుపు చెయ్యాలన్న ఆలోచన మంచిదే. కాని మనకు వద్దని మిషన్ వడకట్టి తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది, అవి బోరు నీళ్లకంటే ఉప్పన. వాటితో గచ్చు కడగండి, బాత్‌రూముకు వాడండి. తీగకు ఏసీ నుంచి కారే నీళ్లు పట్టిపెట్టండి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. ఏసీ లేనివాళ్లకు సెప్టెంబరు వానలున్నాయి. మన దగ్గర ఎక్కువగా కురిసేది ఆ నెలలోనే. కుండీని చూరు కింద నుంచి తీసి రెండు మూడు వానలకు తడవనిస్తే, పేరుకున్న ఉప్పు అడుగు చిల్లులోంచి కొట్టుకుపోతుంది.

పక్కన స్పైడర్ ప్లాంటు కూడా ఉంటే ఇంకో మాట. అనంతపురం భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువన్నది అందరికీ తెలిసిందే. మనిషి పళ్లనూ ఎముకలనూ పట్టే ఆ ఫ్లోరైడు స్పైడర్ ప్లాంటులో ఆకు కొసకు చేరి అక్కడ కాల్చేస్తుంది. ఆ విషయంలో మనీప్లాంటు కాస్త గట్టిది. సేద్యానికి తెచ్చిన సూపర్ ఫాస్ఫేటు బస్తాలోంచి గుప్పెడు తీసి ఈ కుండీల్లో చల్లేవాళ్లుంటారు. రాతి భాస్వరం నుంచి తయారయ్యే ఆ ఎరువులోనూ ఫ్లోరైడు ఉంటుంది, కాబట్టి చల్లకండి.

మూడో రకం జబ్బును పట్టణంలోవాళ్లు గుర్తుపట్టలేకపోయినా కదిరి పక్క రైతు ఇట్టే పడతాడు. పాత ఆకులు పచ్చగానే ఉంటాయి, కొత్త చిగురు మాత్రం పాలిపోయి వస్తుంది, ఈనెలు ఆకుపచ్చగా, నడుమ భాగం పసుపుగా. శనక్కాయ చేలో ఇలా కనబడితే ఇనుప ధాతువు లోపమంటాడు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కొడతాడు. కుండీలో జరిగేదీ అదే. గట్టి నీళ్లు పోయగా పోయగా మట్టి క్షారమెక్కుతుంది. ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందే రూపంలో ఉండదు. ఇంటి మొక్కకు రైతు వాడే మోతాదులో సగం కంటే తక్కువే చాలు, లీటరు నీళ్లకు రెండు గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు. అప్పటికప్పుడు కలిపి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టి, వారం తర్వాత మళ్లీ కొట్టాలి. గోడకు దూరంగా కొట్టండి, తుప్పు మరకలు పోవు.

తీగ బారెడు సాగినా ఆకులు దూరదూరంగా, చిన్నవిగా వస్తుంటే వెలుతురు చాలడం లేదు. వాస్తు పేరు చెప్పి ఆగ్నేయంలో పెట్టమంటారు. మన ఇళ్లలో ఆగ్నేయమంటే వంటగది, అక్కడ పొయ్యి వేడి ఒక పక్క, చీకటి మూల ఇంకో పక్క. తూర్పు కిటికీ దగ్గర పెడితే బాగుంటుంది. పడమటి కిటికీలో మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలితే ఆకు మీద కాలిన మచ్చలు పడతాయి. ఒక్క సంగతి, కిందికి వేలాడే తీగకు ఎంత వెలుతురు ఉన్నా ఆకు పెద్దగా పెరగదు. పైకి పాకేటప్పుడే పెరుగుతుంది. పెద్దాకులు కావాలంటే కర్రకు గోనెపట్టా చుట్టి, తడుపుతూ, దాని మీదికి ఎక్కించండి.

ఎండాకాలంలో ఆకు మీద సూదితో పొడిచినట్టు సన్నటి తెల్లచుక్కలు కనిపిస్తే, ఆకు కింద తెల్ల కాగితం పెట్టి తట్టండి. కదిలే నలుసులు రాలితే ఎర్రనల్లి. పొడివేడిలో ఇది విజృంభిస్తుంది. ఆకుల అడుగుభాగాన్ని నీళ్లతో గట్టిగా కడిగి, కాస్త సబ్బు కలిపిన వేపనూనె ద్రావణం కొడితే లొంగుతుంది. కణుపుల దగ్గర దూదిలా పట్టింది పిండినల్లి, దాన్ని స్పిరిటులో ముంచిన దూదితో తుడిచెయ్యాలి.

మొదలంతా బోసిపోయి కొసన మాత్రమే ఆకులు మిగిలిన తీగను చూసి చాలామంది కొత్త మొక్క కొంటారు. అక్కర్లేదు. ప్రతి కణుపు దగ్గరా గోధుమ రంగులో చిన్న బొడిపె ఉంటుంది, అదే గాలివేరు. దానికి అరంగుళం కింద కోసి, బొడిపె మునిగేలా నీళ్ల సీసాలో పెడితే రెండు మూడు వారాల్లో తెల్లటి వేళ్లు వస్తాయి. కణుపు లేని ముక్క ఎన్నాళ్లున్నా ఆకుగానే ఉంటుంది, తీగ కాదు. వేళ్లొచ్చిన ముక్కలను నాలుగైదు కలిపి అదే కుండీలో మొదలు చుట్టూ గుచ్చండి. పైన కోసిన తీగ కూడా ఆ కిందున్న కణుపు నుంచి మళ్లీ చిగురేస్తుంది. ఈ పని జూన్, జూలైల్లో గాలిలో కాస్త తేమ చేరాక చేస్తే త్వరగా అందుకుంటుంది. ఏప్రిల్‌లో మాత్రం కత్తెర పట్టకండి.