చేను - అడవి - పశువు : విడదీయరాని బంధం



జీవవైవిధ్యం అనగానే మనకు సైన్సు పుస్తకంలోని ఆహారపు గొలుసు బొమ్మ గుర్తుకొస్తుంది. ఆ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ గొలుసు మన అమ్మానాన్నలు కూలికి వెళ్ళే చేలల్లోనే ఉందని మేము ఆలస్యంగా గ్రహించాం.

ఒక మెట్ట చేనును తీసుకుందాం. జొన్నలో కంది సాళ్ళు వేస్తారు. కంది వేళ్ళ బుడిపెల్లోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందిస్తుంది. జొన్న కంకుల మీద వాలిన పక్షులు కంది కాయను తొలిచే పచ్చపురుగును ఏరి తింటాయి. గింజ మనకు, చొప్ప పశువుకు, పశువు పేడ మళ్ళీ చేనుకు.

అడవి కూడా చేనుకు దగ్గరి చుట్టమే. చెట్లు వాననీటి వేగాన్ని తగ్గించి భూమిలోకి ఇంకిస్తాయి. ఆ నీరే బావుల్లో ఊరుతుంది. చెట్లపై పట్టు పెట్టిన తేనెటీగలు చేలకు రాకపోతే దోస, గుమ్మడి పాదులు పూసినా కాయ నిలవదు. కానుగ, తంగేడు రొట్ట భూమికి ఎరువు.

ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా మిగతావన్నీ వదులవుతాయి. చేనంతా పత్తి ఒక్కటే వేస్తే చొప్ప ఉండదు. మేత లేక ఎడ్లను అమ్ముకుంటారు. పేడ లేక యూరియా కొంటారు. ఒకే పంట మీద పురుగు విజృంభిస్తే మందు కొంటారు. ఆ మందుకు పురుగుతో పాటు దాన్ని తినే సాలీడు, అక్షింతల పురుగు కూడా చస్తాయి. చివరికి మిగిలేది అప్పు. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి పంట పురుగు పాలై ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

గునుగు సంగతీ అంతే. దాని లేత ఆకు కూరకు, పువ్వు బతుకమ్మకు. కలుపు మందు కొట్టిన చేలో కూర పోయింది, పువ్వు పోయింది, మన అమ్మల కలుపు కూలీ కూడా పోయింది.

దీనికి దారి చూపినవారూ మన అమ్మల వంటివారే. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు బీడు భూములను బాగుచేసి, ఒకే చేలో జొన్న, కొర్ర, సామ, కంది వంటి ఎన్నో పంటలు కలిపి పండించారు. విత్తనాన్ని బూడిద, వేపాకుతో బుట్టల్లో దాచుకున్నారు. వారిలో చాలామంది బడి ముఖం చూడనివారు. 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకు దక్కింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. అమ్మ తెచ్చిన జొన్నరొట్టెను హాస్టల్లో సిగ్గుతో దాచుకుని తిన్నవాళ్ళు మాలోనూ ఉన్నారు. ఇప్పుడు ఆ సిగ్గుకే సిగ్గుపడుతున్నాం.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి ఊరి మొక్కలు, విత్తనాలు, వాటి ఉపయోగాలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు కావాలి. సంక్రాంతి సెలవుల్లో అమ్మ, అవ్వల పక్కన కూర్చుని వారికి తెలిసిన కూరల పేర్లు, పంటల పేర్లు నోటు పుస్తకంలో రాసుకుందాం. వారికి తెలుసు, మనకు రాయడం వచ్చు. ఈ రెండూ కలిస్తేనే మన చదువుకు సార్థకత.