వార్తల్లో పదం: బి-1 వీసా

అమెరికాలో సదస్సుకు వెళ్లి, పనిలో పనిగా ఉద్యోగమూ వెతుక్కోవచ్చా? లేఆఫ్‌ల వార్తలు వచ్చినప్పుడల్లా వినిపించే ప్రశ్న ఇది. జవాబు బి-1 వీసా నిబంధనల్లో ఉంది.

వ్యాపార, వృత్తి పనుల మీద కొద్దిరోజులు వెళ్లేవారికి ఇచ్చే వలసేతర వీసా ఇది. దీనిపై సదస్సులకు హాజరు కావచ్చు, ఒప్పందాలు మాట్లాడుకోవచ్చు. అక్కడి సంస్థలో జీతానికి పనిచేయడం మాత్రం కుదరదు.

మరి ఇంటర్వ్యూ? ఇవ్వవచ్చు. బి-1, బి-2 (పర్యాటక) వీసాలపై ఉన్నవారు ఉద్యోగం వెతుక్కోవచ్చని అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ 2023 మార్చిలో స్పష్టం చేసింది. అయితే కొలువులో చేరేముందు హెచ్‌-1బి వంటి పని హోదా చేతికి రావాల్సిందే.

అసలు చిక్కు వీసా కౌంటర్ దగ్గరే. దరఖాస్తుదారు అమెరికాలో స్థిరపడటానికే వస్తున్నారని అక్కడి వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకునే భారం మనదే. స్వదేశంలో ఉద్యోగం, కుటుంబం, ఆస్తి ఉంటే తిరిగొస్తారన్న నమ్మకం కుదురుతుంది. హైదరాబాద్‌ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌ ముందు వరుసలో నిలబడిన నిరుద్యోగికి ఇదే గట్టి పరీక్ష. అలాగని ప్రయాణ ఉద్దేశంపై అబద్ధమాడితే, అమెరికా తలుపులు శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

మరో మాట: అక్కడ ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేది పాస్‌పోర్టులోని వీసా గడువు కాదు, దేశంలో అడుగుపెట్టినప్పుడు నమోదయ్యే ఐ-94లోని తేదీ.