కార్ఖానా ధూళిని పీల్చు గొట్టము: దాని కొలతను ఎట్లు నిర్ణయింపవలెను?

నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాల పల్లెలలో పూర్వము వడ్రంగికి ఉలి, బాడిస, చేతిరంపము, చిత్రిక మాత్రమే ఆయుధములు. వాని నుండి రాలిన పొట్టు, పేళ్లు సాయంకాలమునకు పొయ్యిలోనికి పోయెడివి. నేడు ఆ వడ్రంగి కొట్టములోనే కరెంటు రంపము, కరెంటు చిత్రిక, చెక్కను నునుపుచేయు యంత్రము తిరుగుచున్నవి. పని త్వరగా సాగుచున్నది, సంపాదన పెరిగినది. వానితోపాటు ధూళియు పెరిగినది.

వడ్రంగి పని ఒక్కటియే కాదు. ఈ ప్రాంతము రాతినేల. కొండరాతిని కంకరచేయు క్రషర్లు, గ్రానైటు పలకలను కోసి మెరుగుపెట్టు శాలలు, పలుగురాతిని పిండిచేయు మిల్లులు ఇచ్చట కలవు. నాగార్జునసాగరు కాలువలకు 1967లో నీరు వదలిన తరువాత ఎడమకాలువ క్రింద వరి విస్తరించినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. ఇవి యన్నియు జనులకు పని కల్పించు స్థలములే. అన్నింటియందును దినాంతమున నేలపై మిగులునది ధూళియే.

ఆ ధూళిని తీయుటకు పీల్చు యంత్రమును, అనగా వ్యాక్యూమ్ క్లీనరును, కొనువారు ఇప్పుడు మన గ్రామములలోను కనబడుచున్నారు. యంత్రము కొనునపుడు దాని మోటారు ఎన్ని వాట్లని అందరును అడుగుదురు. గొట్టము ఎంత లావని అడుగువారు అరుదు. యంత్రము పనిచేయుటయు చేయకపోవుటయు పెక్కుసారులు ఆ గొట్టము మీదనే యాధారపడియుండును. కావున ఈ విషయమును పంచాయతీ సభ్యుల ముందుంచుచున్నాము.

చీపురు చాలదా?

చీపురు పెద్ద పొట్టును ప్రోగుచేయును. సన్నని ధూళిని గాలిలోనికి లేపును. ఊడ్చినవాడు నేల శుభ్రమైనదని తలచును. కాని లేచిన ధూళి గంటలకొలది గాలిలో తేలుచు, అచ్చట పనిచేయువారి ఊపిరిలోనికి పోవుచుండును. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల లోపలి అరలవరకు పోవు రేణువులు దాదాపు 5 మైక్రాన్లకు లోబడినవి. అవి కంటికి కనబడవు, తుమ్ముతో బయటికి రావు.

పలుగురాతి ధూళి వీనిలో మిక్కిలి చెడ్డది. గ్రానైటులోను పలుగురాయి భాగము కలదు. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తులలో చేరి, మెత్తని కండను గట్టిపరచి మచ్చలు కట్టించును. ఈ వ్యాధినే సిలికోసిస్ అందురు. ఒకసారి గట్టిపడిన ఊపిరితిత్తిని మరల మెత్తపరచు మందు లేదు. ఈ రోగికి క్షయ సోకుట సులభము. పైకి లక్షణములును క్షయవలెనే కనబడుటచేత అసలు కారణము తెలియకయే పోవుట కలదు. పాత మహబూబ్‌నగరు జిల్లాలో చేరియుండిన షాద్‌నగరు ప్రాంతమున పలుగురాతి మిల్లులలో కూలిచేసినవారు ఈ వ్యాధి పాలైన సంగతి విన్నవారు మన సభ్యులలో పలువురుందురు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో చెక్కధూళిని, 1997లో సిలికా ధూళిని మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థములలో చేర్చినది. కాబట్టి చెక్కపని ధూళియు నిరపాయకరము కాదు.

ధూళిని ఊదుటకంటె పీల్చుట మేలను ఆలోచన 1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఆంగ్ల ఇంజనీరుకు కలిగినది. అంతకుముందు ధూళిని గాలితో ఊది వెడలగొట్టు యంత్రములుండెడివి. ధూళి చోటు మారుటయే గాని తొలగుట లేదని గ్రహించి, ఆయన దానిని పీల్చి వడగట్టు యంత్రమును నిర్మించెను. నేటికిని కొన్ని కార్ఖానాలలో కంప్రెసరు గాలితో బట్టలను, బల్లలను ఊదుచున్నారు. అది బూత్‌నకు పూర్వపు పద్ధతియే, మానుట మంచిది.

బోరు పైపు, పంట కాలువ

గొట్టపు కొలతలోని కిటుకు మన రైతుకు క్రొత్త గాదు. బోరుబావిలో అయిదు అశ్వశక్తుల మోటారు దింపి, దానికి అంగుళపు పైపు తగిలించినచో నేమగును? మోటారు మూలుగును, నీరు సన్నధారగా వచ్చును. సన్నని గొట్టములో గాలికిని ఇదే గతి. అంతే గాలిని పంపవలెనన్నచో, గొట్టపు వ్యాసము సగమైనప్పుడు లోపలి రాపిడి వలని నష్టము దాదాపు 32 రెట్లగును. మోటారు అంత బలము చూపజాలదు గనుక గాలియే తగ్గిపోవును. దానికితోడు పేళ్లు అడ్డుపడి గొట్టము మూసుకొనును.

అట్లని మిక్కిలి లావు గొట్టము తెచ్చినచో మరియొక చిక్కు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద చెరువులలో పూడిక తీసినపుడు మనమందరము చూచినదే: నీటివడి తగ్గినచోట ఒండ్రు దిగబడును. ఇరుకు కాలువలో వడిగా వచ్చిన నీరు విశాలమైన చెరువులోనికి రాగానే నెమ్మదించి మన్నును వదలును. లావు గొట్టములో గాలియు నట్లే నెమ్మదించి పొట్టును మార్గమధ్యముననే వదలును. కొన్నాళ్లకు గొట్టము అడుగున పూడిక చేరి, అదియు మూసుకొనును.

కావున నియమము ఒక్కటే. గొట్టము గాలిని ఆపునంత సన్నము కారాదు. వడి చచ్చునంత లావు కారాదు. చెక్కపొట్టును మోసికొనిపోవుటకు గాలి సెకనుకు సుమారు 20 మీటర్ల వడితో సాగవలెను. రాతిధూళివంటి బరువు ధూళికి ఇంకను కొంత ఎక్కువ వడి మంచిది.

లెక్క చూతము

సెకనుకు 60 లీటర్ల గాలిని లాగు యంత్రమొకటి మనయొద్ద నున్నదనుకొందము. దానికి 100 మిల్లీమీటర్ల, అనగా 4 అంగుళముల గొట్టము తగిలించినచో లోపల గాలి వడి సెకనుకు 8 మీటర్లకును లోబడును, పొట్టు దిగబడును. 63 మిల్లీమీటర్ల, అనగా రెండున్నర అంగుళముల గొట్టము తగిలించినచో వడి 19 మీటర్లగును; ఇది సరిపోవును. 32 మిల్లీమీటర్ల గొట్టము తగిలించినచో అంత గాలి దూరనే దూరదు. ఏలయన, రెండున్నర అంగుళముల గొట్టపు రంధ్రము ఒకటింబావు అంగుళపు గొట్టపు రంధ్రమునకు దాదాపు నాలుగు రెట్లు పెద్దది. వ్యాసము రెట్టింపుగా కనబడినను వైశాల్యము నాలుగు రెట్లని సభ్యులు గుర్తుంచుకొనవలెను.

రాతిపనికి మరియొక లెక్క. చేతితో పట్టుకొని రాయిని అరగదీయు యంత్రమునకు, దాని చక్రపు వ్యాసములో ప్రతి అంగుళమునకు నిమిషమునకు 25 ఘనపుటడుగుల గాలిని పీల్చవలెనని అమెరికాలో 2016లో వెలువడిన సిలికా నియమము చెప్పుచున్నది. మన కార్ఖానాలలో విరివిగా వాడు 4 అంగుళముల చక్రమునకు ఇది నిమిషమునకు 100 ఘనపుటడుగులు, అనగా సెకనుకు సుమారు 47 లీటర్లు. 2 అంగుళముల గొట్టములో ఆ గాలి సెకనుకు 24 మీటర్ల వడితో సాగును. బరువు ధూళికి తగిన వడి యిది. ఒకటింబావు అంగుళపు గొట్టములో అంత గాలి సాగవలెనన్నచో 58 మీటర్ల వడి కావలెను. చిన్న యంత్రమేదియు అది చేయజాలదు. కాబట్టి ఇల్లు తుడుచు యంత్రపు సన్నగొట్టమును రాతికోత యంత్రమునకు తగిలించి రక్షణ కలిగినదనుకొనుట పొరపాటు.

ఏ పనికి ఏ గొట్టము?

చెక్కను నునుపుచేయు చేతియంత్రమునకు ఒకటింబావు లేక ఒకటిన్నర అంగుళముల గొట్టము చాలును. దాని ధూళి మెత్తనిది. పీల్చు మూతి ధూళి పుట్టుచోటనే యుండును. గొట్టము తేలికగా నుండుటచే చేయి అలయదు.

నేలపై పడిన పొట్టు, పేళ్లు, చిన్న చెక్కముక్కలు తీయుటకు రెండున్నర అంగుళముల గొట్టము కావలెను. దీనికంటె సన్నమైనదానిలో పేళ్లు అడ్డముపడును.

నిలిపియుంచిన పెద్ద రంపమునకు, కరెంటు చిత్రికకు 4 అంగుళముల గొట్టము తగును. అయితే దానికి సాధారణ వ్యాక్యూమ్ క్లీనరు పనికిరాదు. క్లీనరు బలముగా పీల్చునే గాని, అది లాగు గాలి కొంచెము. పెద్ద యంత్రమునకు ఎక్కువ గాలిని లాగు బ్లోయరు వేరుగా కావలెను. 4 అంగుళముల గొట్టములో 20 మీటర్ల వడి నిలుపుటకు సెకనుకు సుమారు 157 లీటర్ల గాలి కావలెనన్న సంగతి దీనికి కారణము.

కంకర క్రషర్లు, పలుగురాతి మిల్లులు, బియ్యపు మిల్లులు ఈ లెక్కకు మించినవి. అచ్చట ధూళి పుట్టుచోటును మూసి, నీరు చల్లదగినచోట చల్లి, ఇంజనీరు లెక్కకట్టిన పెద్ద గొట్టములను అమర్చవలెను. చిన్న యంత్రము అచ్చట నేల శుభ్రమునకే గాని ఆ యేర్పాటులకు బదులు కానేరదు.

కొనునపుడు గమనింపవలసినవి

గొట్టము కొలతను లోపలి వ్యాసముతో చెప్పుదురు. కొందరు వెలుపలి వ్యాసముతోను చెప్పుదురు. యంత్రపు మూతిని స్కేలుతో లోపల, వెలుపల కొలిచి, ఆ అంకెలు వ్రాసికొని పట్టణమునకు పోవలెను. లేనిచో గొట్టము అమరక, గుడ్డ చుట్టి బిగింపవలసివచ్చును. సందులగుండ గాలి వృథాయగును.

గొట్టము అవసరమునకు మించిన పొడవు ఉండరాదు. పొడవు పెరిగినకొలది పీల్చు శక్తి తగ్గును. గట్టి మలుపులును, లోపల మడతలును అట్లే తగ్గించును. లోపల నున్నగా నుండు గొట్టము మేలు. పనిముట్టు మూతి సన్నదైనచో, గొట్టమంతయు సన్నదానిని తేక, సన్నముచేయు జోడింపును పనిముట్టు వద్దనే పెట్టవలెను.

గొట్టము ఎంత మంచిదైనను వడపోత సరిగా లేనిచో ప్రయోజనము లేదు. సాధారణపు గుడ్డసంచి సన్నని ధూళిని వెనుకనుండి మరల గదిలోనికే వదలును. రాతిధూళికి హెపా ఫిల్టరు అవసరము, అది 0.3 మైక్రాను రేణువులలో నూటికి 99.97 వంతులు పట్టును. సంచిని కార్ఖానా లోపల దులుపరాదు.

వెల్డింగు, గ్రైండింగు నిప్పురవ్వలను చెక్కపొట్టున్న యంత్రములోనికి ఎన్నడును పీల్పింపరాదు; సంచిలో నిప్పు రాజుకొనును. ఎండకాలమున ప్లాస్టిక్ గొట్టమును ముట్టినపుడు చేయి చురుక్కుమనుట కలదు. అది రాపిడి వలన పుట్టిన విద్యుత్తు. సన్నని పొట్టున్నచోట దానినుండి నిప్పురవ్వ పుట్టవచ్చును గనుక, విద్యుత్తును ప్రవహింపనిచ్చు గొట్టమును వాడి ఎర్తు కలుపవలెను.

పంచాయతీ ఏమి చేయగలదు?

ధూళి పుట్టుచోటికి సాధ్యమైనంత దగ్గరగా పీల్చు ఏర్పాటు ఉండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 14వ సెక్షనులోనే చెప్పబడెను. ఇప్పుడు ఆ చట్టము స్థానమున క్రొత్త కార్మిక స్మృతి అమలునకు వచ్చినను, ఆ సూత్రమునకు విలువ తగ్గలేదు. కాని ఇద్దరు ముగ్గురు పనిచేయు కొట్టమును చూచుటకు పెద్ద అధికారి తరచుగా రాజాలడు. ఆ వీధిలోనే నివసించు వార్డు సభ్యుడు చూడగలడు.

యంత్రములు నడుపు పనికి లైసెన్సు మంజూరు చేయునపుడును, పునరుద్ధరించునపుడును సభ్యులు నాలుగు ప్రశ్నలు అడుగవచ్చును. ఇచ్చట పుట్టు ధూళి చెక్కదా, రాతిదా? దానిని ఊడ్చుచున్నారా, ఊదుచున్నారా, పీల్చుచున్నారా? గొట్టపు లోపలి వ్యాసమెంత, యంత్రము లాగు గాలి యెంత? వడపోత ఎటువంటిది? జవాబు తెలియని యజమానిని నిందింపక, పై లెక్కను కాగితముపై చేసి చూపుడు. రాతిపని చేయువారిలో విడువని దగ్గు, ఆయాసము గలవారుండినచో, వారు చేయు పనియేమో వైద్యునికి తప్పక చెప్పుమని పంపుడు. ఆ ఒక్క మాట రోగనిర్ణయమునకు దారి చూపును.

పాలమూరు కూలి ఎన్నో ఆనకట్టలకు రాళ్లెత్తినవాడు. పనికై దేశములు తిరిగి ఊరు చేరినవానికి, ఊరిలోని పనియే ఊపిరి తీయరాదు. రెండు గొట్టముల ధరలలోని భేదము స్వల్పము. తప్పు గొట్టము కొన్నందువలని నష్టమును మాత్రము యజమాని జేబు గాక, కూలివాని ఊపిరితిత్తి చెల్లించును. ఈసారి పంచాయతీ సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుదురని, మీ గ్రామములోని కార్ఖానాలను ఒక్కసారి స్వయముగా చూచివత్తురని ఆశించుచున్నాము.