ఇనప డ్రమ్మును ఓడించిన ఇటుక గోపురం

గోబర్ గ్యాస్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది పశువుల కొట్టం పక్క గోతిలో సగం మునిగి, పేడనీళ్ల మీద తేలే ఇనప డ్రమ్ము. జశ్‌భాయ్ పటేల్ 1950లలో రూపొందించిన ఆ నమూనాను 1960ల మొదట్లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ తలకెత్తుకుని దేశమంతా పరిచయం చేసింది. యంత్రంగా అది ముచ్చటైనది. గ్యాస్ చేరేకొద్దీ డ్రమ్ము లేస్తుంది, వాడేకొద్దీ దిగుతుంది; ఎంత మిగిలిందో కంటికే తెలుస్తుంది. పీడనాన్ని నిర్ణయించేది డ్రమ్ము బరువే కాబట్టి పొయ్యి మీద మంట ఆసాంతం ఒకే తీరుగా ఉంటుంది. పైన తెట్టు కడితే డ్రమ్మును చేత్తో అటూఇటూ తిప్పితే విరుగుతుంది. అంత చక్కని యంత్రమూ చివరికి కదలని ఇటుక గోపురం ముందు నిలవలేదు. అలా ఓడటం న్యాయమేనంటాను. ఇంటి యంత్రాన్ని అది ఎంత తెలివిగా పనిచేస్తుందన్న దాన్నిబట్టి కాక, ఆ ఇంటి చుట్టుపక్కల దొరికే సరుకుతో, పనివాళ్లతో ఎన్నాళ్లు నిలుస్తుందన్న దాన్నిబట్టి తూచాలి. ప్లాంటు ఖర్చులో పెద్దవాటా ఇనప రేకుదే. పైగా పేడలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ దాన్ని తినేస్తుంది. ఏటా రంగు వేయకపోతే చిల్లులు పడతాయి, చిల్లుపడ్డ డ్రమ్మును బండికెత్తి పట్నంలో వెల్డింగు షాపుకి తీసుకెళ్లాలి.

గోపురం వచ్చింది చైనా నుంచి. 1978లో ఉత్తరప్రదేశ్‌లోని అజీత్‌మల్ గోబర్ గ్యాస్ పరిశోధన కేంద్రం దాన్ని మనకు తగ్గట్టు మార్చి 'జనతా' అంది. 1984లో అఫ్ప్రో సంస్థ ఇంకా సన్నం చేసి 'దీనబంధు'ను తెచ్చింది. ఇక్కడ నన్ను కట్టిపడేసేది దాని పీడన రహస్యం. నేలలో పూడ్చిన గోపురంలో కదిలే భాగం ఒక్కటీ లేదు. ఒకపక్క పేడనీళ్లు పోసే తొట్టి, ఇంకోపక్క బయటికొచ్చే తొట్టి, నెత్తిన గ్యాస్ గొట్టం. గ్యాస్ పుట్టేకొద్దీ చోటు చాలక లోపలి పేడను కిందికి నొక్కుతుంది. ఆ పేడ బయటి తొట్టిలోకి ఎక్కుతుంది. లోపలి మట్టానికీ బయటి మట్టానికీ ఉన్న తేడాయే పీడనం. వంటింట్లో కుళాయి తిప్పగానే ఎక్కిన పేడ వెనక్కి జారుతూ గ్యాస్‌ను పొయ్యికి తోస్తుంది. ఇనుము చేసిన పనిని ఇక్కడ పేడే చేస్తోందన్నమాట! ఆ తేడా మీటరుకు చేరితే గోపురాన్ని చదరపు మీటరుకు సుమారు టన్ను బలంతో లోపలి నుంచి ఎత్తుతున్నట్టు. ఇటుక కట్టడం నొక్కుడుకు ఓర్చుకుంటుంది కానీ సాగదీతకు పగులుతుంది. అందుకే పైన మట్టి పూడుస్తారు. అది అందానికి కప్పింది కాదు, పైనుంచి ఎదురు నొక్కే బరువు. దీనబంధులో నిలువు గోడ కూడా పోయింది. అడుగు ఒక గోళపు ముక్క, కప్పు ఇంకో గోళపు ముక్క. ఒకే ఘనపరిమాణానికి గోళానికే అతి తక్కువ ఉపరితలం కాబట్టి ఇటుక, సిమెంటు రెండూ తగ్గుతాయి. నడిమధ్య మేకు నాటి, దానికి కట్టిన తాడు చివరను ప్రతి ఇటుకకూ తాకించి చూసుకుంటూ మేస్త్రీ వరస తర్వాత వరస పేరుస్తాడు.

గోపురం పగిలితే కనపడదు కదా, డ్రమ్ము చిల్లు నయం కదా అని అడగవచ్చు. నిజమే. నీటిని ఆపే గచ్చు గ్యాస్‌ను ఆపుతుందన్న నమ్మకం లేదు. లోపలి పూతలో తాపీమేస్త్రీ పొరబడితే గ్యాస్ పొయ్యికి చేరకుండా గాలిలో కలుస్తుంది. ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేనే; నూరేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు వేడి పెంచేది. మంట కూడా మొదట జోరుగా లేచి వంట ముగిసేసరికి మందగిస్తుంది. అయినా పగులు కనిపెట్టి ప్లాంటును ఖాళీచేశాక దాన్ని పూడ్చేందుకు కావలసింది సిమెంటు, నేర్పున్న మేస్త్రీ. ఆ నేర్పును ఊళ్లోనే నేర్పవచ్చు. డ్రమ్ము తుప్పును మాత్రం ఏ నేర్పూ ఆపలేదు.

సిలిండరు ఇంటింటికీ వచ్చాక ఇదంతా ఎందుకనే ప్రశ్న ఇంకాస్త గట్టిది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ యాభై కిలోల పేడ, అంటే నాలుగైదు పశువులు కావాలి. పేడతోపాటు అంతే నీళ్లూ కలపాలి. ట్రాక్టర్లొచ్చి ఎడ్లు తగ్గిన ఊళ్లో పశువులు లేనివాడికి ఏ నమూనా అయినా దండగే. కానీ పాడి ఉన్న ఇంట్లో లెక్క వేరు. పిడకలుగా కాలిస్తే పేడలోని నత్రజని పొగలో పోతుంది; ప్లాంటులోంచి వచ్చే పేడలో అది చాలావరకు నిలిచి, పొలానికి చేరుతుంది. సిలిండరు ఆ పని చేయదు.

ఇంతకీ డ్రమ్ము కథ ముగియలేదు. పుణెలోని ఆర్తి సంస్థ వంటింటి వ్యర్థాలతో నడిచే చిన్న ప్లాంటు చేసి 2006లో ఆష్డెన్ బహుమతి గెలుచుకుంది. పేడకన్నా పిండిపదార్థం చాలా త్వరగా గ్యాసవుతుంది కాబట్టి గొయ్యి అక్కర్లేదు, పశువులూ అక్కర్లేదు. గ్యాస్ పట్టేది మాత్రం తేలే డ్రమ్మే! కోసిన నీళ్ల ట్యాంకులో మరో ట్యాంకును బోర్లిస్తారు. అది ప్లాస్టిక్‌ది, తుప్పు పట్టదు.