గదితో పాటే నెట్టు

బస్టాండు దగ్గర కొత్త కాంప్లెక్సు. కింద షట్టర్లు, పైన గదులు. ముందు ఒక బోర్డు కట్టారు. "గదులు అద్దెకు ఇవ్వబడును. నీళ్లు, కరెంటు, ఇంటర్నెట్ సౌకర్యం కలదు." ఇలాంటి బోర్డులు ఇప్పుడు పట్టణాల్లో కనిపిస్తున్నాయి.

నీళ్లు తెలుసు, కరెంటు తెలుసు. మరి గదితో పాటు ఇంటర్నెట్ ఇవ్వడం అంటే ఏమిటి?

ఒక అక్క ఆ కాంప్లెక్సులో జిరాక్సు షాపు పెట్టాలనుకుంది అనుకుందాం. జిరాక్సు ఒక్కటే అయితే కరెంటు చాలు. కానీ షాపుకు వచ్చేవాళ్లు పిల్లల హాల్ టికెట్ తీసివ్వమంటారు. ఉద్యోగానికి దరఖాస్తు పంపమంటారు. డబ్బులు కూడా ఫోన్‌లోనే ఇస్తారు. 2016లో యూపీఐ వచ్చింది. అప్పటి నుంచి చిన్న చిన్న బేరాలకు కూడా ఫోన్ చూపించడం మెల్లగా అలవాటైపోయింది. నెట్ ఆగితే ఆ అక్క షాపు ఆగినట్టే.

ఫోన్‌లో నెట్ ఉంటుంది కదా, వేరే ఎందుకు అని అడగవచ్చు. నిజమే. కానీ లోపలి గదుల్లో, చుట్టూ సిమెంటు గోడల మధ్య ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. నేల కింద అంతస్తులో అయితే అసలే అందదు. అందుకే వైరు ద్వారా వచ్చే నెట్ కావాలి.

ఈ వైరు మామూలు రాగి తీగ కాదు. లోపల గాజు పోగు ఉంటుంది. వెంట్రుక అంత సన్నం. అందులో వెలుతురు పరుగెత్తుతుంది. ఆ వెలుతురే సమాచారాన్ని మోసుకొస్తుంది. దీన్ని ఫైబర్ అంటారు. వీధిలో నుంచి ఫైబర్ కాంప్లెక్సులోకి వస్తుంది. గొట్టాల గుండా పై అంతస్తులకు ఎక్కుతుంది. గదిలో ఒక చిన్న పెట్టె పెడతారు. అక్కడి నుంచి కంప్యూటరుకు, ఫోనుకు నెట్ అందుతుంది. గొట్టాలు ముందే వేయకపోతే తరువాత గోడలు పగలగొట్టాలి. లేదంటే తీగలు కిటికీల మీద వేలాడుతుంటాయి.

ఇక్కడ ఒక తేడా ఉంది. బోర్డు మీద అది కనపడదు.

కొందరు ఓనర్లు గొట్టాలు, తీగలు మాత్రం సిద్ధంగా ఉంచుతారు. ఏ కంపెనీ నెట్ కావాలో షాపు వాళ్లే చూసుకుంటారు. బిల్లు కంపెనీకే కడతారు. ఇంకొందరు ఓనర్లు తమ పేరు మీద ఒక పెద్ద కనెక్షన్ తీసుకుంటారు. దాన్ని అన్ని గదులకూ పంచుతారు. డబ్బులు అద్దెలో కలుపుతారు.

ఈ రెండో పద్ధతి నీళ్ల ట్యాంకు లాంటిది. ట్యాంకు ఒకటే, కుళాయిలు పది. అందరూ ఒకేసారి తిప్పితే ధార సన్నబడుతుంది. పక్క గదిలో ఎవరో సినిమా చూస్తుంటే, ఈ అక్క దరఖాస్తు సగంలో ఆగిపోవచ్చు. ఆఖరి తేదీ రోజే ఆగితే, నష్టం దరఖాస్తు పెట్టుకున్నవాళ్లది, మాట అక్కది.

లెక్క చూద్దాం. నెట్ కోసమని ఓనరు గదికి నెలకు 500 రూపాయలు కలిపాడు అనుకుందాం. పది గదులకు 5,000 రూపాయలు. కంపెనీకి ఆయన కట్టేది 3,000 అనుకుందాం. మిగిలేది 2,000. ఇది తప్పని అనలేం. పెట్టెలు ఆయనే కొన్నాడు, తీగలు ఆయనే లాగించాడు. అక్కకు కూడా లాభం ఉంది. షట్టరు ఎత్తిన రోజే నెట్ ఉంటుంది. కనెక్షన్ కోసం తిరగనక్కరలేదు. కానీ అద్దె ఎంత, నెట్ ఎంత అని విడిగా చెప్పమని అడగాలి. కలిపి చెబితే ఏది పెరిగిందో తెలియదు.

అసలు చిక్కు నెట్ పోయిన రోజు వస్తుంది. కంపెనీకి ఫోన్ చేస్తే "కనెక్షన్ మీ పేరు మీద లేదు" అంటారు. ఓనరు వేరే ఊళ్లో ఉంటాడు. పెద్ద పెట్టె ఉన్న గది తాళం చెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. వాచ్‌మన్ టీకి వెళ్లి ఉంటాడు! కరెంటు పోయినా అంతే. అక్క షాపులో ఇన్వర్టరు ఉండవచ్చు. కింద పెద్ద పెట్టెకు లేకపోతే నెట్ రాదు.

అలాంటప్పుడు వేరే కంపెనీ కనెక్షన్ పెట్టించుకోవచ్చా? కొందరు ఓనర్లు ఒప్పుకోరు. ఒకే కంపెనీని లోపలికి రానిస్తారు. ఈ గొడవ మన దగ్గరే కాదు, అమెరికాలోనూ వచ్చింది. ఆఫీసుల భవనాల్లో "మేము తప్ప ఇంకెవరూ రాకూడదు" అని టెలిఫోన్ కంపెనీలు ఒప్పందం రాయించుకోకూడదని అక్కడి ప్రభుత్వ సంస్థ 2000లో చెప్పింది.

మన దేశంలో టెలిఫోన్, ఇంటర్నెట్ కంపెనీల తీరు చూసే సంస్థ పేరు ట్రాయ్. ఇది 1997లో ఏర్పడింది. 2024 అక్టోబరులో ట్రాయ్ కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం భవనాలకు నెట్ సౌకర్యాన్ని బట్టి నక్షత్రాలు ఇస్తారు. ఫైబర్ ఉందా, లోపల ఫోన్ సిగ్నల్ అందుతుందా, వేగం ఎంత అని పరీక్షిస్తారు. ఎక్కువలో ఎక్కువ అయిదు నక్షత్రాలు. అయితే ఓనరు కోరుకుంటేనే ఈ పరీక్ష.

బస్టాండు దగ్గర కాంప్లెక్సుకు నక్షత్రాలు లేకపోవచ్చు. కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే ఆ అక్క గదిలో నిలబడి, ఓనరు నెట్ తన ఫోన్‌కు పెట్టించుకుని చూడాలి. పొద్దున ఒకసారి, అందరూ పనిలో ఉండే సాయంత్రం ఒకసారి. పక్క షాపు వాళ్లను నెలలో ఎన్నిసార్లు పోతుందో అడగాలి. వాళ్లు ఉన్నమాట చెబుతారు.

తరువాత అద్దె కాగితం. అందులో నెట్ సంగతి తరచుగా ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "సౌకర్యం కలదు" అంతే. నెట్‌కు ఎంత, పోతే ఎన్ని గంటల్లో బాగుచేయిస్తారు, రెండు రోజులు రాకపోతే ఆ డబ్బు తగ్గిస్తారా, సొంత కనెక్షన్ పెట్టుకోనిస్తారా అన్నవి రాయించాలి. నోటితో చెప్పారులే అని వదిలేస్తే గొడవ వచ్చిన రోజు చూపించడానికి ఏమీ ఉండదు. సంతకం పెట్టే ముందు ఆ నాలుగు వరుసలూ వేలు పెట్టి చదువుకోవాలి. కాగితం రెండు ప్రతులు రాయించి, ఒకటి షాపులోనే ఉంచుకోవాలి.