సానరాతి గుణదోషములు

సానరాతిని కొనువారు పలువురు రంగును జూచి మోసపోవుదురు. అమెరికా దేశపు ఆర్కన్సా రాయి తెల్లనిదైనను నల్లనిదైనను దాదాపు అంతయు సిలికాయే. సూక్ష్మరంధ్రములు హెచ్చుగా నున్న రాయి త్వరగా నరుగదీయును. తక్కువగా నున్నది నునుపైన పదును నిచ్చును. చూడవలసినది రంగు గాదు, ఈ కూర్పు.

రాతిని తడిపి యారనిండు. తక్కిన భాగమారినను సన్నని గీతయొకటి తడిగా నిలిచినచో నది పగులు. వ్రేళ్లకొనలపై నిలిపి మెల్లగా తట్టినచో మంచిరాయి ఖంగున మ్రోగును; పగిలినది బొంగురుగా పలుకును.

పగులుకన్న నపాయకరమైనది మెత్తని రాతిలో దాగిన గట్టి రేణువు. అది కంటికి కానరాదు. ఒక్కటియున్నను మంచి ఉలి యంచు పాడగును. బీద వడ్రంగికి అది యెంత నష్టమో చెప్పనక్కరలేదు. కావున బేరమునకు ముందే పాతచాకు నొకదానిని నూరి, యంచును వెలుతురునకెదురుగా పట్టి చూడుడు. సన్నని గీతల నడుమ లోతైన గీత కనబడినచో నారాతిని విడువుడు.

నడుమ పల్లపడిన రాయిని మాత్రము పారవేయకుడు. చదునైన బండపై నిసుకయు నీరును జల్లి రుద్దినచో సమమగును.